డెస్క్‌టాప్‌కి సెల్లు నెట్: కేబులా, హాట్‌స్పాటా?

రాతిమిద్దె (ఆదోని తట్టు), సాయంత్రం 6:12

అందరికీ నమస్తే. మళ్లీ మళ్లీ అడిగే పని లేకుండా వివరాలు ముందే పెడుతున్నా.

విండోస్ 10 డెస్క్‌టాప్. వైఫై లేదు, బ్లూటూత్ లేదు. పక్కన పాత ల్యాప్‌టాప్ ఒకటి, దాని వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడుతుంది. ఫోన్ ఆండ్రాయిడ్ 13, 5జీ ఉంది. ప్లాన్ రోజుకు 2 జీబీ. ఊర్లోకి ఫైబర్ ఇంకా రాలేదు. ఇల్లు రాతిమిద్దె, గోడలు రెండడుగుల మందం. కంప్యూటర్ నడిమింట్లో ఉంది. మిద్దె పైన ఫోన్‌లో నాలుగు గీతలు, నడిమింట్లో ఒకటి, అదీ వచ్చిపోతూ.

పని ఏమంటే రోజుకు మూడు గంటల వీడియో మీటింగు, దానిపైన మామూలు బ్రౌజింగ్. డెస్క్‌టాప్‌కి వైఫై డాంగిల్ కొనాలా, కేబుల్‌తోనే అయిపోతుందా? 2 జీబీ చాలుతుందా? సిగ్నల్‌కి ఏం దారి?

టవర్‌క్లాక్ (అనంతపురం), సాయంత్రం 6:40

డాంగిల్ ఇప్పుడే కొనొద్దన్నా. ముందు కేబుల్‌తో చూడు, ఖర్చు లేని పని.

ఫోన్‌ని కేబుల్‌తో డెస్క్‌టాప్ వెనక భాగంలో, మదర్‌బోర్డుకే ఉన్న యూఎస్‌బీ పోర్టుకి పెట్టు. ముందు ప్యానెల్ పోర్టు వద్దు. అది లోపల సన్నటి వైరుతో వస్తుంది, చాలా క్యాబినెట్లలో ఆ వైరు నాసిరకం, లింకు తెగిపోతా ఉంటుంది. తర్వాత ఫోన్‌లో సెట్టింగ్స్ → నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ → హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్ → యూఎస్‌బీ టెథరింగ్ ఆన్. టెథరింగ్ అంటే ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి పంచడం. శామ్‌సంగ్‌లో ఇదే కనెక్షన్స్ కింద ఉంటుంది, షావోమీలో పోర్టబుల్ హాట్‌స్పాట్ పక్కన. ఐదారు సెకన్లలో కంప్యూటర్లో ఈథర్‌నెట్ 2 అనో 3 అనో కొత్త కనెక్షన్ కనపడుతుంది. పాస్‌వర్డు లేదు, డయల్ చేసేది లేదు.

ఆ స్విచ్ బూడిద రంగులో ఉండి నొక్కితే పలకకపోతే మామూలుగా కారణాలు రెండే. ఒకటి, కేబుల్ ఉత్త చార్జింగ్‌ది. కొన్ని చవక కేబుళ్లలో కరెంటు వైర్లు రెండే ఉంటాయి, డేటా వైర్లు రెండూ ఉండవు. తగిలించగానే ఫోన్‌లో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' అడిగే నోటిఫికేషన్ రాలేదంటే కేబుల్ మార్చాల్సిందే. రెండు, ఫోన్‌లో డేటా సేవర్ ఆన్‌లో ఉంది. అది ఆన్‌లో ఉన్నంతసేపు ఆండ్రాయిడ్ టెథరింగ్‌ని తెరవనీదు.

ప్రతిరోజూ స్విచ్ వేసే పని తప్పించుకోవాలంటే డెవలపర్ ఆప్షన్స్ తెరువు. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడు సార్లు నొక్కితే అది బయటికొస్తుంది. అందులో 'డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్'ని యూఎస్‌బీ టెథరింగ్‌గా పెట్టేస్తే కేబుల్ గుచ్చగానే నెట్ మొదలవుతుంది.

కామ్‌పోర్ట్ (కడప), రాత్రి 7:05

పై పోస్టుకు ఒక తోక. కొన్ని విండోస్ 10 మెషీన్లలో ఫోన్‌ని నెట్‌వర్క్ కార్డుగా కాకుండా సీరియల్ పోర్టుగా గుర్తుపడుతుంది. డివైస్ మేనేజర్‌లో 'పోర్ట్స్' కింద యూఎస్‌బీ సీరియల్ డివైస్ అని కూర్చుని ఉంటుంది, ఈథర్‌నెట్ మాత్రం రాదు. ఫోన్ చెడిపోయిందని కంగారు పడొద్దు.

దానిమీద కుడి క్లిక్ → అప్‌డేట్ డ్రైవర్ → బ్రౌజ్ మై కంప్యూటర్ → 'లెట్ మి పిక్' → నెట్‌వర్క్ అడాప్టర్స్ → తయారీదారుగా మైక్రోసాఫ్ట్ → కుడిపక్క జాబితాలో 'రిమోట్ ఎన్‌డీఐఎస్ కంపాటిబుల్ డివైస్'. జాబితాలో నెట్‌వర్క్ అడాప్టర్స్ కనపడకపోతే 'షో కంపాటిబుల్ హార్డ్‌వేర్' టిక్ తీసేయండి. ఈ డ్రైవరు విండోస్‌తో పాటే వస్తుంది, దేనినీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. 'ఫోన్ డ్రైవర్ ప్యాక్' అని నెట్‌లో దొరికే పెద్ద పెద్ద ఫైళ్ల జోలికి అసలు పోవద్దు.

పదినిమిషాలకోసారి టెథరింగ్ తెగిపోతుంటే అది వేరే జబ్బు. పవర్ ఆప్షన్స్ → అడ్వాన్స్‌డ్ → యూఎస్‌బీ సెట్టింగ్స్‌లో 'సెలెక్టివ్ సస్పెండ్' డిజేబుల్ చేయండి. వాడకం లేదనుకుని కంప్యూటర్ ఆ పోర్టును నిద్రపుచ్చుతుంది.

ఉగ్గాని_బజ్జి (కర్నూలు), రాత్రి 7:22

అందరూ కేబుల్ కేబుల్ అంటున్నారు గానీ వైఫై హాట్‌స్పాట్‌కి ఏమైందప్పా? 5 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ పెడితే వేగం కేబుల్‌కి ఏమీ తీసిపోదు. ఫోన్ చేతిలో ఉంటుంది, పోర్టు అరగదు. కేబుల్‌కి ఫోన్‌ని కట్టేస్తే ఫోన్ వస్తే ఎత్తేది ఎట్ల?

టవర్‌క్లాక్ (అనంతపురం), రాత్రి 7:31

వేగం తీసిపోదు, నిజమే. కానీ రాతిమిద్దె అన్న ల్యాప్‌టాప్‌కి 5 గిగాహెర్ట్జ్ కనపడదు కదా. హాట్‌స్పాట్‌ని 5లో పెడితే ఆ పేరే జాబితాలోకి రాదు. చాలామంది 'హాట్‌స్పాట్ పనిచేయట్లేదు' అని రాసేది ఈ దెబ్బకే. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ 2.4కి మార్చాలి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఉంటే డబ్ల్యూపీఏ2 పర్సనల్‌కి దించాలి, పాత కార్డులకు 3 అర్థం కాదు.

ఇంకొకటి. 2.4లో హాట్‌స్పాట్ నడుస్తుంటే పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కో పెన్‌డ్రైవో పెట్టొద్దు. యూఎస్‌బీ 3 సిగ్నల్ నుంచి పుట్టే రొద సరిగ్గా ఆ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. ఫైలు కాపీ అవుతున్నంతసేపు వైఫై ఈడుస్తా ఉంటుంది, కాపీ అయిపోగానే బాగవుతుంది. ఫోన్‌నీ హార్డ్‌డిస్కునీ ఒక మూర దూరం జరిపితే చాలు.

ఉగ్గాని_బజ్జి (కర్నూలు), రాత్రి 7:38

సరే, ఆ ఇంటికి కేబులే ఒప్పుకుంటా. వైఫై, 5 గిగాహెర్ట్జ్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్ అయితే మాత్రం నా మాట నాదే. హాట్‌స్పాట్ వాడేవాళ్లు 'ఏ పరికరమూ లేకపోతే హాట్‌స్పాట్ ఆపు' అనే స్విచ్‌ని చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే ల్యాప్‌టాప్ కాసేపు నిద్రపోగానే ఫోన్ హాట్‌స్పాట్‌ని మూసేస్తుంది. మళ్లీ మనం పోయి వేయాలి.

బ్లూటూత్ టెథరింగ్ గురించి ఎవరూ రాయలేదు, రాయాల్సినంత సరుకూ లేదు. మహా అయితే సెకనుకు 2 మెగాబిట్లు. మెయిల్ చూసుకోడానికి సరిపోతుంది, బ్యాటరీ మాత్రం తక్కువ తింటుంది.

లెక్కలయ్య (ప్రొద్దుటూరు), రాత్రి 8:10

రెండో ప్రశ్నని అందరూ దాటేశారు. డేటా లెక్క ఇది.

సెకనుకు 1 మెగాబిట్ చొప్పున గంట నడిస్తే 450 ఎంబీ. ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే మిగతాదంతా ఎక్కాలే. మీకున్నది 2 జీబీ, మూడు గంటలు. అంటే సగటున సెకనుకు 1.48 మెగాబిట్లు దాటకూడదు, అదీ బ్రౌజింగ్‌కి ఏమీ మిగలకుండా. పైగా టెలికాం కంపెనీ లెక్కలో వచ్చేదీ పోయేదీ రెండూ కలుస్తాయి. మీ కెమెరా ఆన్‌లో ఉంటే మీ బొమ్మ బయటికి పోయేది కూడా కోటాలోనే కోత. రావడం 600 కిలోబిట్లు, పోవడం 600 అనుకుంటే గంటకు 540 ఎంబీ, మూడు గంటలకు 1.6 జీబీ. హెచ్‌డీ టిక్ పెట్టారా, ఈ లెక్క గంటన్నరకే ముగిసిపోతుంది. మీ కెమెరా ఆపి ఎదుటివాళ్ల బొమ్మ మాత్రమే చూస్తే సగం మిగులుతుంది. గొంతు మాత్రమే అయితే సెకనుకు 80 కిలోబిట్లు వేసుకున్నా గంటకు 36 ఎంబీ.

కోటా అయిపోయాక చాలా ప్లాన్లు 64 కిలోబిట్లకు దిగుతాయి. గంటంతా ఆగకుండా లాగినా 28.8 ఎంబీ. పై లెక్కతో పోల్చి చూడండి, గొంతు కూడా ముక్కలు ముక్కలుగానే వస్తుంది. 'నెట్ ఉంది కానీ ఏదీ తెరుచుకోవట్లేదు' అంటే ముందు కోటా చూడండి, డ్రైవర్ల జోలికి తర్వాత పోవచ్చు. అర్ధరాత్రి 12 దాటాక కొత్త కోటా వస్తుంది.

అసలు దొంగ మీటింగ్ కాదు, విండోస్. ఫోన్‌లో ఉన్నప్పుడు మొబైల్ డేటా అని తెలిసి అన్నీ ఒదిగి ఉంటాయి. కేబుల్ గుచ్చగానే కంప్యూటరుకి అది ఈథర్‌నెట్. అంటే ఆఫీసు లీజ్డ్ లైన్ దొరికిందనుకుని అప్‌డేట్లన్నీ ఒక్కసారి మీద పడతాయి. అందుకే మొదటిసారి గుచ్చిన వెంటనే సెట్టింగ్స్ → నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ → ఈథర్‌నెట్ → ఆ కనెక్షన్ మీద నొక్కి 'మీటర్డ్ కనెక్షన్' (లెక్కపెట్టి వాడే నెట్) ఆన్ చేయండి. అప్‌డేట్ల డౌన్‌లోడ్ చాలావరకు ఆగుతుంది, వన్‌డ్రైవ్ సింక్ తనంతట తానే నిలుస్తుంది. అప్‌డేట్ పేజీలోనే 'డెలివరీ ఆప్టిమైజేషన్' ఉంటుంది, వేరే కంప్యూటర్ల నుంచి, వేరే కంప్యూటర్లకు అనే స్విచ్ ఆపండి. లేకపోతే మీ నెట్‌తో ఊర్లో వాళ్లకు విండోస్ పంచినట్టే.

ఒక మెలిక. చాలా ఫోన్లు రీస్టార్ట్ చేసినప్పుడల్లా యూఎస్‌బీకి కొత్త మ్యాక్ అడ్రస్ (పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) పుట్టిస్తాయి. విండోస్ దాన్ని నెట్‌వర్క్ 2, నెట్‌వర్క్ 3 అని కొత్త చుట్టంలా చూస్తుంది. పేరు మారినట్టు కనపడితే మీటర్డ్ స్విచ్ ఉందో లేదో మళ్లీ ఒకసారి చూసుకోండి.

రాతిమిద్దె (ఆదోని తట్టు), రాత్రి 8:34

కేబుల్ పనిచేసింది. వెనక పోర్టులో పెట్టగానే ఈథర్‌నెట్ 2 వచ్చింది, మీటర్డ్ పెట్టాను. వేగం మాత్రం ఒక మెగాబిట్ దాటట్లేదు. డెవలపర్ ఆప్షన్స్‌లో 'టెథరింగ్ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్' అని ఉంది, అది ఆపితే లాభమా?

పెన్నా_ఒడ్డు (తాడిపత్రి), రాత్రి 8:52

దాన్ని ఆపడం ఆఖరి మందు. టెథరింగ్ మధ్యలో గడ్డకట్టుకుపోతుంటేనే దాని జోలికి పోవాలి. మీకు జబ్బు టవరుకీ ఫోనుకీ మధ్య ఉంది.

గీతలు నమ్మొద్దు, సంఖ్య చూడండి. డయలర్‌లో *#*#4636#*#* కొడితే ఫోన్ ఇన్ఫర్మేషన్ తెరుచుకుంటుంది. శామ్‌సంగ్‌లో *#0011#. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కాలి. అక్కడ ఆర్‌ఎస్‌ఆర్‌పీ అని మైనస్‌లో ఒక అంకె ఉంటుంది, అది సిగ్నల్ బలం, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మేలు. మైనస్ 85 గానీ అంతకంటే మేలు గానీ అయితే బంగారం. మైనస్ 100 దాకా పని జరుగుతుంది. మైనస్ 110 దాటితే వీడియో మీటింగ్ ఈడుస్తుంది, మైనస్ 120 దగ్గర తెగిపోతుంది. పక్కన ఎస్‌ఐఎన్‌ఆర్ (రొద మీద సిగ్నల్ ఎంత పైచేయిగా ఉందో చెప్పే అంకె) 20 ఉంటే గాలి శుభ్రంగా ఉన్నట్టు, సున్నాకి దిగితే సిగ్నల్ బలంగా ఉన్నా రొద ఎక్కువని అర్థం.

మన తట్టు ఇండ్ల సంగతి వేరే. రెండడుగుల రాతిగోడ, పైన బండల మిద్దె. 3500 మెగాహెర్ట్జ్‌లో వచ్చే 5జీకి ఇది కోటగోడే. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ గోడలోకి దూరే శక్తి ఎక్కువ. అందుకే అదే ఇంట్లో 850లోనో 700లోనో వచ్చే సిగ్నల్ కొంత నిలబడుతుంది. జియోకి 4జీలో 850, 1800, 2300 ఉన్నాయి, 5జీలో 700, 3500 ఉన్నాయి. నడిమింట్లో ఏది దొరికితే ఫోన్ దాన్ని పట్టుకుంటుంది. బీఎస్ఎన్ఎల్ 4జీ తీసుకునేవాళ్లు ఫోన్‌లో బ్యాండ్ 28 ఉందో లేదో ముందే చూసుకోండి, అది 700 మెగాహెర్ట్జ్. పాత ఫోన్లు శానా వాటిలో ఆ బ్యాండ్ లేదు. సిమ్ వేస్తే టవర్ పక్కనే ఉన్నా ఆ బ్యాండ్ 4జీని పట్టదు.

ఇప్పుడు చేయాల్సింది ఏమంటే ఫోన్‌ని కంప్యూటర్ దగ్గరికి తెచ్చేది మానేసి, సిగ్నల్ ఉన్నచోటనే ఉంచి నెట్‌ని కిందికి దింపడం. టవర్ వైపున్న కిటికీ దాకా 3 మీటర్ల యూఎస్‌బీ కేబుల్ సరిపోతే అంతకంటే సుఖం లేదు. 5 మీటర్లు దాటి మామూలు యూఎస్‌బీ కేబుల్ వేయొద్దు, మధ్యలో డేటా చచ్చిపోతుంది.

రాతిమిద్దె (ఆదోని తట్టు), రాత్రి 9:05

నడిమింట్లో మైనస్ 114. మిద్దె మెట్ల దగ్గర గూట్లో మైనస్ 88. కానీ అక్కడికి కేబుల్ 12 మీటర్లు అవుతుంది.

కామ్‌పోర్ట్ (కడప), రాత్రి 9:20

అయితే యూఎస్‌బీ వదిలేసి ల్యాన్ కేబుల్ వేయండి. ఇది తెలిసినవాళ్లు తక్కువ. ఆండ్రాయిడ్ 11 నుంచి 'ఈథర్‌నెట్ టెథరింగ్' అని మూడో స్విచ్ ఉంది. ఫోన్‌కి టైప్‌సీ నుంచి ఈథర్‌నెట్ అడాప్టర్ తగిలించి, అందులో మామూలు క్యాట్ 5ఈ కేబుల్ గుచ్చి, రెండో కొస డెస్క్‌టాప్ ల్యాన్ పోర్టులో పెట్టాలి. ఆ స్విచ్ అడాప్టర్ తగిలించాకే వెలుగుతుంది. ల్యాన్ కేబుల్‌కి 100 మీటర్ల దాకా ఢోకా లేదు, మీ 12 మీటర్లు ఒక లెక్కా?

అడాప్టర్ కొనేటప్పుడు లోపలి చిప్ అడగండి. రియల్‌టెక్ 8153 గానీ, యాసిక్స్ 88179 గానీ అయితే చాలా ఫోన్లు వెంటనే గుర్తుపడతాయి. చార్జింగ్ సంగతి మరిచిపోవద్దు. ఫోన్‌కి ఉన్న ఒక్క పోర్టు అడాప్టర్ తినేస్తుంది. అందుకని ఉత్త అడాప్టర్ కాకుండా పీడీ పాస్‌త్రూ ఉన్న టైప్‌సీ హబ్ తీసుకోండి, దాంట్లోనే ల్యాన్ ఉంటుంది, దాంట్లోనే చార్జర్ పెట్టుకోవచ్చు.

ల్యాప్‌టాప్‌కి కూడా నెట్ కావాలంటే ఆ ల్యాన్ కేబుల్‌ని డెస్క్‌టాప్‌లో కాకుండా ఏదైనా పాత వైఫై రూటర్ వ్యాన్ (బయటి నెట్ వచ్చే) పోర్టులో గుచ్చండి. రూటర్‌లో వ్యాన్ రకం డైనమిక్ ఐపీ అని పెడితే చాలు. ఇల్లంతా వైఫై వస్తుంది, డెస్క్‌టాప్‌ని రూటర్ ల్యాన్‌లో పెట్టుకోవచ్చు. మీటర్డ్ స్విచ్ మాత్రం ప్రతి కంప్యూటర్లోనూ వేరువేరుగా పెట్టాలి.

లెక్కలయ్య (ప్రొద్దుటూరు), రాత్రి 9:27

రూటర్ పెడితే ఇంట్లో ఫోన్లన్నీ ఆ వైఫైకి అతుక్కుంటాయి. వాట్సాప్ బ్యాకప్‌లు, ఫోటోల సింక్, యాప్‌ల అప్‌డేట్లు 'వైఫై ఉన్నప్పుడు మాత్రమే' అని పెట్టుకున్నవన్నీ ఒక్కసారిగా మేల్కొంటాయి. 2 జీబీ ప్లాన్‌తో రూటర్ పెట్టడం గిన్నెడు సంగటికి ఊరంతా పిలిచినట్టు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి.

ఎండాకాలం (నంద్యాల నుంచి వచ్చి కర్నూలులో), రాత్రి 9:50

మెట్ల గూట్లో ఫోన్ అన్నారు. ఏప్రిల్, మే గుర్తుందా? ఐఫోన్ వాడకానికి ఆపిల్ చెప్పిన చుట్టుపక్కల వేడి 35 డిగ్రీల దాకానే, మిగతా ఫోన్లూ దానికి అటూ ఇటూ. మనకి పగలు 42, గూట్లో బండ మీద ఇంకా ఎక్కువ. టెథరింగ్, 5జీ, చార్జింగ్ మూడూ కలిస్తే ఫోన్ లోపలినుంచి కూడా కాలుతుంది. మొదట చార్జింగ్ ఆగుతుంది, తర్వాత 5జీ వదిలేసి 4జీకి దిగుతుంది, చివరికి టెథరింగే మూసుకుంటుంది. మధ్యాహ్నం రెండింటికి నెట్ పోయి సాయంత్రం ఆరింటికి తనంతట తానే వస్తుంటే టవర్‌ని తిట్టకండి, ఫోన్‌ని చేత్తో ముట్టుకుని చూడండి.

ఫోన్ కవర్ తీసేయాలి. బండ మీద కాకుండా కింద రెండు చెక్కముక్కలు పెట్టి గాలాడేటట్టు నిలబెట్టాలి. పగలు చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ ఒకటి దానివైపు తిప్పితే చాలా తేడా వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చే తెలివి వద్దు, లోపల తేమ పడుతుంది. చార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టండి. నెలల తరబడి 100 శాతంలో ఉడికితే బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తుంది. లేచిన ఫోన్‌ని ఇక వాడకూడదు, నొక్కి అతికించడానికి అసలు చూడొద్దు.

కంప్యూటర్ యూఎస్‌బీతోనే చార్జింగ్ అవుతుంది కదా అనేవాళ్లకు: యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, అంటే 2.5 వాట్లు. యూఎస్‌బీ 3 అయితే 900, అంటే 4.5 వాట్లు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ అంతకంటే ఎక్కువ తాగుతుంది, కేబుల్‌లో ఉన్నా బ్యాటరీ మెల్లగా దిగుతూనే ఉంటుంది. అది కేబుల్ తప్పు కాదు.

ఉగ్గాని_బజ్జి (కర్నూలు), రాత్రి 10:02

వేడికి ఇంకో మందు, ఫోన్‌ని 4జీకి కట్టేయడం. మొబైల్ నెట్‌వర్క్ → ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ → ఎల్‌టీఈ. ఎన్‌ఎస్‌ఏ పద్ధతి 5జీలో ఫోన్ ఒకేసారి 4జీతోనూ 5జీతోనూ మాట్లాడాలి, రెండు పొయ్యిలు వెలిగించినట్టు. మీటింగ్‌కి కావాల్సింది రెండు మెగాబిట్లు, దానికి 5జీ ఏంటికి?

లెక్కలయ్య (ప్రొద్దుటూరు), రాత్రి 10:08

ఏంటికంటే డబ్బులకి. కొన్ని ప్లాన్లలో 5జీ డేటా రోజువారీ కోటాలోకి రాదు, 4జీ మాత్రమే వస్తుంది. అలాంటి ప్లాన్ ఉన్నవాళ్లు 4జీకి కట్టేస్తే ఉచితాన్ని వదులుకుని కోటాని తిన్నట్టు. ఫోన్ తనంతట తాను 5జీ నుంచి 4జీకి జారినా అంతే, ఆ నిమిషం నుంచి 2 జీబీలోంచి కోత మొదలు. ప్లాన్ పేజీలో టెథరింగ్ గురించి, నెలసరి పరిమితి గురించి ఏం రాశారో చదివి నిర్ణయించుకోండి.

ఉగ్గాని_బజ్జి (కర్నూలు), రాత్రి 10:11

అది సరైన మాటే. అట్లయితే మెట్ల గూట్లో 5జీ స్థిరంగా ఉంటే వదిలేయండి, గంటకు నాలుగుసార్లు అటూ ఇటూ దూకుతుంటే మాత్రం 4జీకి కట్టేయండి. దూకిన ప్రతిసారీ మీటింగ్ రెండు మూడు సెకన్లు గడ్డకడుతుంది.

హీరేహాళ్_రోడ్డు (రాయదుర్గం), రాత్రి 10:30

మా సరిహద్దు పల్లెల కోసం ఒక ముక్క. డీ.హీరేహాళ్, మంత్రాలయం తట్టు ఫోన్ ఒక్కోసారి కర్ణాటక సర్కిల్ టవర్‌ని పట్టుకుంటుంది. కొన్ని ఫోన్లలో 'డేటా రోమింగ్' ఆపి ఉంటే అక్కడ మాటలు వస్తాయి, నెట్ రాదు. కంప్యూటర్‌కి ఈ సంగతి తెలీదు, కనెక్షన్ ఉన్నట్టే చూపిస్తుంది. సిమ్ సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆన్ చేసి పెట్టుకోండి. దేశం దాటేటప్పుడు మాత్రం మరిచిపోకుండా ఆపండి.

ఏపీఎన్ (సిమ్‌ని కంపెనీ నెట్‌కి కలిపే పేరు) చెరిగిపోయి ఉంటే మళ్లీ రాసుకోవాలి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో. జియోకి జియోనెట్, ఎయిర్‌టెల్‌కి ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్. ఫోన్‌లో నెట్ వస్తూ టెథరింగ్‌లో మాత్రం రాకపోతే ఏపీఎన్ టైప్ గడిలో డిఫాల్ట్ పక్కన కామా పెట్టి డీయూఎన్ చేర్చి చూడండి.

పాతకాపు (కడప), రాత్రి 10:41

డీయూఎన్ అంటే డయల్ అప్ నెట్‌వర్కింగ్. నోకియా పీసీ సూట్‌లో *99# కొట్టి జీపీఆర్‌ఎస్ పట్టిన రోజుల మిగులు, ఆ పేరు ఇప్పటికీ గడిలో కూర్చుని ఉంది. అప్పుడు ఫోన్ నిజంగా మోడెమ్‌లా పనిచేసేది. ఇప్పుడు ఫోనే చిన్న రూటర్. కంప్యూటర్‌కి ఐపీ ఇచ్చేది ఫోనే, దారి చూపేదీ ఫోనే. ఈ తేడా తెలిస్తే తప్పు ఎక్కడుందో వెతకడం తేలిక.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టండి. ఐపీ 169.254తో మొదలైతే ఫోన్ అడ్రస్ ఇవ్వలేదు. కేబులో, డ్రైవరో, స్విచ్చో చూడాలి, టవర్‌తో సంబంధం లేదు. పాత ఆండ్రాయిడ్లలో 192.168.42తో వచ్చేది, ఇప్పటి వాటిలో ఏదైనా రావచ్చు. ఐఫోన్ అయితే 172.20.10. అడ్రస్ వచ్చాక డిఫాల్ట్ గేట్‌వేని, అంటే ఫోన్ అడ్రస్‌ని, పింగ్ చేయండి (పింగ్ అని కొట్టి పక్కన ఆ అడ్రస్ రాయండి), పలికితే ఫోన్ దాకా దారి బాగుంది. తర్వాత 8.8.8.8ని పింగ్ చేయండి. అది పలక్కపోతే తప్పు ఫోన్ అవతల ఉంది: సిగ్నల్, కోటా, ఏపీఎన్. అది పలికి వెబ్‌సైట్ పేరు పలక్కపోతే తప్పు డీఎన్‌ఎస్‌ది, అంటే సైట్ పేరుని అంకెల అడ్రస్‌గా మార్చే సేవది. అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4లో 8.8.8.8, 1.1.1.1 చేత్తో రాయండి.

ఇంటి_ఆఫీసు (అనంతపురం), రాత్రి 10:58

సార్, ఆ మూడు పింగ్‌లూ పలుకుతున్నాయి, గూగుల్ తెరుచుకుంటోంది. ఆఫీసు వీపీఎన్ కనెక్ట్ అయినట్టే చూపుతుంది కానీ లోపలి పేజీలు తెల్లగా తిరుగుతూ ఉంటాయి. ఇంటి ఫైబర్‌లో ఇదే బాగుంటుంది.

పాతకాపు (కడప), రాత్రి 11:10

అది ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే బైట్ల హద్దు) గొడవ మేడం, లేదా సార్, పేరులో తెలియట్లేదు. కొన్ని మొబైల్ నెట్‌వర్క్‌లు లోపల ఐపీవీ6 మీదే నడుస్తాయి. మీ ఐపీవీ4 ప్యాకెట్‌ని ఫోన్ దారిలో మార్చి పంపుతుంది, తలభాగం 20 బైట్లు పెరుగుతుంది. పైన వీపీఎన్ తన తొడుగు వేస్తుంది. 1500 బైట్ల నిండు ప్యాకెట్ ఇక దారిలో పట్టదు. చిన్నవి పోతాయి కాబట్టి కనెక్ట్ అయినట్టు కనపడుతుంది, పేజీ లాంటి పెద్దవి పడిపోతాయి.

వీపీఎన్ ఆపి పింగ్ 8.8.8.8 పక్కన హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్ 1372 అని చిన్న అక్షరాల్లో కొట్టండి. పలికితే 1372కి 28 కలిపి 1400 దాకా దారి ఉందని. పలక్కపోతే పదిపది తగ్గిస్తూ పోండి. పలికిన సంఖ్యకి 28 కలిపి ఆ ఈథర్‌నెట్‌కి ఎంటీయూగా నెట్‌ష్ అనే కమాండ్‌తో పెట్టండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయి ఆ హక్కు లేకపోతే ఐటీ వాళ్లనే వీపీఎన్ ఎంటీయూ 1300 పెట్టమనండి. ఇంకొక మాట, ఫోన్‌లో వీపీఎన్ వేస్తే కంప్యూటర్‌కి కూడా వస్తుందని అనుకోవద్దు. ఆండ్రాయిడ్‌లో టెథరింగ్ ట్రాఫిక్ మామూలుగా దాని పక్కనుంచే పోతుంది.

తోటకాడ_కెమెరా (పులివెందుల), రాత్రి 11:24

ఇట్లనే రూటర్‌కి ఫోన్ పెట్టి తోటలో సీసీటీవీ డీవీఆర్ నడపొచ్చా అన్నా? పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా బయటినుంచి తెరుచుకోవట్లేదు.

కామ్‌పోర్ట్ (కడప), రాత్రి 11:31

తెరుచుకోదు. సిమ్‌కి వచ్చే ఐపీవీ4 అడ్రస్ మీ ఒక్కరిది కాదు, వందలమంది వెనక నిలబడి పంచుకునేది. బయటినుంచి వచ్చినవాడికి మీ ఇల్లు ఏదో తెలీదు. పోర్ట్ ఫార్వర్డింగ్ మానేసి డీవీఆర్ కంపెనీ యాప్‌లో పీ2పీ ఐడీ క్యూఆర్ స్కాన్ చేయండి. అప్పుడు డీవీఆరే బయటికి ఫోన్ చేస్తుంది. మెయిన్ స్ట్రీమ్ కాకుండా సబ్ స్ట్రీమ్ (తక్కువ డేటా తినే చిన్న బొమ్మ) చూడండి, లేకపోతే లెక్కలయ్య గారి ఎక్కం మీమీద పడుతుంది. రోజంతా తోటలో వదిలేయడానికి ఫోన్ కంటే సిమ్ వేసే 4జీ రూటరే మేలు, దానికి ఉబ్బే బ్యాటరీ ఉండదు.

బళ్లారి_చౌరస్తా (కర్నూలు), రాత్రి 11:40

ఐఫోన్ వాళ్లకు రెండు ముక్కలు. విండోస్‌లో కేబుల్‌తో రావాలంటే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఐట్యూన్స్ గానీ ఆపిల్ డివైసెస్ గానీ వేయాలి, ఫోన్‌లో 'ట్రస్ట్' నొక్కాలి. వైఫై హాట్‌స్పాట్ పాత ల్యాప్‌టాప్‌కి కనపడకపోతే 'మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' ఆన్ చేస్తే 2.4కి దిగుతుంది. మొదటిసారి కలిపేటప్పుడు ఆ పర్సనల్ హాట్‌స్పాట్ పేజీని మూయకుండా ఉంచండి. ఉబుంటులో ఆండ్రాయిడ్ ఏమీ వేయకుండానే పలుకుతుంది. మాక్‌లో మాత్రం చాలా ఆండ్రాయిడ్ ఫోన్లతో యూఎస్‌బీ టెథరింగ్ రాదు, వైఫై వాడుకోండి.

ఇంట్లో ఫైబర్ ఉండి డెస్క్‌టాప్‌కి వైఫై లేనివాళ్లు కూడా ఈ కేబుల్ కిటుకు వాడొచ్చు. ఫోన్‌ని ఇంటి వైఫైకి కలిపి యూఎస్‌బీ టెథరింగ్ వేస్తే ఫోనే వైఫై డాంగిల్. మొబైల్ డేటా ఆపి ఉంచాలి. లేకపోతే కరెంటు పోయి రూటర్ ఆగినప్పుడు చప్పుడు లేకుండా సిమ్ డేటా మీదికి దూకుతుంది.

రాతిమిద్దె (ఆదోని తట్టు), మరుసటి రోజు రాత్రి 8:15

పీడీ హబ్, 15 మీటర్ల క్యాట్ 5ఈ తెచ్చాను. హబ్‌లో చిప్ రియల్‌టెక్ 8153. మెట్ల గూట్లో ఫోన్, కింద చెక్కముక్కలు, కవర్ తీసేశాను. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 87, ఎస్‌ఐఎన్‌ఆర్ 16. డెస్క్‌టాప్‌లో రావడం 38 మెగాబిట్లు, పోవడం 9. రూటర్ పెట్టలేదు. రెండు గంటల మీటింగ్‌కి హెచ్‌డీ ఆపి 1.02 జీబీ అయింది.

ఒక్కటే సందేహం. ఫోన్ రీస్టార్ట్ అయితే ఈథర్‌నెట్ టెథరింగ్ ఆఫ్ అయిపోతోంది, మెట్లెక్కి మళ్లీ వేయాల్సి వస్తోంది.

టవర్‌క్లాక్ (అనంతపురం), రాత్రి 8:29

డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్ ఈథర్‌నెట్‌కి వర్తించదన్నా. ఫోన్‌లో 'షెడ్యూల్డ్ రీస్టార్ట్', 'ఆటో రీస్టార్ట్' లాంటివి ఉంటే ఆపెయ్, సిస్టం అప్‌డేట్ రాత్రిపూట తనంతట తాను పడకుండా డెవలపర్ ఆప్షన్స్‌లో 'ఆటోమేటిక్ సిస్టం అప్‌డేట్స్' కూడా ఆపు. కరెంటు పోయినా ఫోన్ బ్యాటరీ ఉంది కాబట్టి ఆగదు. ఆ తర్వాత మెట్లెక్కే పని ఎప్పుడో ఒకసారే.